గ్రేషియన్ అడిగిన ప్రశ్న: సమ్మతి ఎప్పుడు సమ్మతి యగును?

ఒక కులీన వంశపు కన్యక యుండెను. ఫలాని ప్రభువు కుమారుడు నిన్ను వివాహమాడ గోరుచున్నాడని ఆమెకు వర్తమానము వచ్చెను. ఆమె సమ్మతించెను. అంతట ఆ ప్రభుకుమారుని పేరు చెప్పుకొని వేరొకడు, దాస్యములో నున్నవాడు, వచ్చి ఆమెను పెండ్లి చేసికొనెను. కొంతకాలమునకు మొదటివాడు వచ్చి తన వధువును అడిగెను. తాను మోసపోతినని ఆమె మొరపెట్టుకొని మొదటివానినే చేరగోరెను. ఇప్పుడు ఆమె ఎవని భార్య?

ఈ వ్యాజ్యెము ఏ న్యాయస్థానములోను నడచినది కాదు. ఇటలీ దేశమందలి బొలోన్యా నగరములో సుమారు 1140వ సంవత్సరమున గ్రేషియన్ అను ఉపాధ్యాయుడు తన శిష్యుల బుద్ధికి పదును పెట్టుటకై కల్పించిన సమస్య ఇది. దానికి ఆయన చెప్పిన సమాధానము బజారులో బేరమాడు మనుష్యునికి కూడ అర్థమగునట్టిది. ఒకడు నాకు బంగారము అమ్మెదనని చెప్పి ఇత్తడి యంటగట్టెననుకొనుడు. నేను ఇత్తడికి సమ్మతించితినని ఎవడైన అనగలడా? ఇత్తడిని నేనెన్నడును కోరలేదు. కోరనిదానికి సమ్మతించుట యెట్లు? సమ్మతి యనునది మనుష్యుని ఇచ్ఛకు చెందినది. ఇచ్ఛ లేనిచోట సమ్మతి లేదు. కాబట్టి ఆ కన్యక ఆ వంచకుని భార్య కాదు.

చదువరులు ఈ మాటను జ్ఞాపకమందుంచుకొనవలెనని కోరుచున్నాను. ఏలయనగా చిన్నదిగా కనబడు ఈ మాట చాల దూరము పోగలదు. వివాహమందు సత్యమైనది విశ్వాసమందు మాత్రము సత్యము కాదా? భయపెట్టి పలికించిన "అవును" దేవుని సన్నిధిని అవును అగునా? ఈ ప్రశ్నకు గ్రేషియన్ పండితుని గ్రంథములోనే రెండు విరుద్ధమైన జవాబులు కలవు. ఒకటి సంఘమునకు కీర్తి తెచ్చినది. రెండవది అనేకుల రక్తమునకు కారణమైనది.

ఇంతటి ప్రభావము గల మనుష్యుని జీవితమును గూర్చిన నమ్మదగిన సమాచారము ఒక పుటకు మించదు. ఆయన కమాల్డోలీ మఠమునకు చెందిన సన్యాసి యనియు, బొలోన్యాలోని మఠపు గదిలో కూర్చుండి తన గ్రంథమును వ్రాసెననియు తరతరములుగా చెప్పుకొనిరి. 1979లో జాన్ నూనన్ అను అమెరికా పండితుడు ఇట్టి కథలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వానిలో అనేకములకు పునాది లేదని చూపెను. 1143లో వెనీసు నగరమందు ఒక వివాదమున సలహా యడుగబడిన నిపుణులలో గ్రేషియన్ అను పేరు కలదు. టస్కనీలోని క్యూసీ పట్టణమునకు ఆయన బిషప్పయ్యెనని కొన్ని ప్రాచీన చేవ్రాతలు సూచించుచున్నవి. సీయెనా దేవాలయపు మృతుల జాబితాలో ఆగస్టు 10వ తేదీ క్రింద ఆ బిరుదుతో ఆ పేరు వ్రాయబడియున్నది. అంతే.

చరిత్ర మౌనముగా నున్నచోట జనులు ఊరకుండరు గదా! గ్రేషియన్, పారిస్ వేదాంతియైన పీటర్ లొంబార్డ్, బైబిలు చరిత్రను వ్రాసిన పీటర్ కొమెస్టర్, ఈ మువ్వురు ఒక తల్లి బిడ్డలనియు, ముగ్గురును పాపమందు పుట్టినవారనియు మధ్యయుగములో నొక కథ పుట్టినది. మరణశయ్యపై ఆ తల్లి, ఇంతటి కుమారులు పుట్టిరి గనుక ఆ పాపమునకు దుఃఖపడలేకపోవుచున్నానని గురువుతో చెప్పెనట. దుఃఖపడలేకపోవుచున్నందుకైన దుఃఖపడుమని ఆయన చెప్పెనట. ఇది కేవలము కల్పితము. అయినను పశ్చాత్తాపమును గూర్చి అనేక ప్రసంగములకంటె ఈ కట్టుకథ లోతైనదని నాకు తోచుచున్నది.

మనుష్యుడు మరుగైనను గ్రంథము నిలిచెను. దానికి ఆయన పెట్టిన పేరునకు "విరుద్ధ నియమముల సమన్వయము" అని యర్థము. లోకము దానిని "డెక్రెటుమ్" అని పిలిచినది. "కానన్" అనునది గ్రీకు మాట. కొలకర్ర యని దాని భావము. పండ్రెండవ శతాబ్దము నాటికి సంఘము చేతిలో కొలకర్రలు లెక్కకు మిక్కిలియై యుండెను. సభల తీర్మానములు, పోపుల లేఖలు, అగస్టీను, జెరోము, అంబ్రోసు, గ్రెగరీ మొదలగు పితరుల వాక్యములు, రోమా చక్రవర్తుల శాసనములు, ఇవన్నియు వేయి సంవత్సరములుగా పోగుపడినవి. ఇవి ఒకదానితో నొకటి పొసగవు. ఒక బిషప్పు ఒక నియమమును చూపి శిక్షించును. ప్రక్క బిషప్పు వేరొక నియమమును చూపి విడిచిపెట్టును. తనకు అనుకూలమైన వాక్యమును ఏరుకొనుట ఎవనికైనను సులభమే.

గ్రేషియన్ చేసిన పని యేమనగా, రెండు ప్రక్కల వాక్యములను ఒకచోట ఎదురెదురుగా నిలిపెను. గ్రంథపు మొదటి భాగములో 101 విభాగములున్నవి; రెండవ భాగములో మనము పైన చూచినట్టి 36 కల్పిత వ్యాజ్యెములు, వానినుండి పుట్టిన ప్రశ్నలు ఉన్నవి; మూడవది సంస్కారములను గూర్చినది. అంతయు కలిసి దాదాపు 4000 ఉల్లేఖనములు. వాని మధ్య ఆయన సొంత మాటలు క్లుప్తముగా నుండును: ఈ నియమము అందరికి చెప్పబడినదా, కొందరికా? ఆజ్ఞయా, సలహాయా? కాలమును బట్టి ఏర్పడినదా, నిత్యమైనదా? ఫ్రాన్సులో అబెలార్డ్ ఇంతకుముందే పితరుల విరుద్ధ వాక్యములను జతలుగా పేర్చియుండెను గాని వానిని విప్పకుండ విడిచిపెట్టెను. గ్రేషియన్ విప్పజూచెను. ఆయన చేతికి వచ్చినవన్నియు నిజమైన లేఖలు కావు. తొమ్మిదవ శతాబ్దములో కూటముగా సృష్టింపబడిన పోపుల లేఖలు అనేకములు అందులో చేరినవి. ఆ కాలమున వానిని నమ్మనివారు అరుదు.

1996లో ఆండర్స్ విన్రోత్ అను స్వీడన్ పండితుడు మరియొక సంగతి బయటపెట్టెను. కొన్ని చేవ్రాతలలో ఈ గ్రంథము చాల పొట్టిగా నున్నది. అది సంక్షేపము కాదు, మొదటి కూర్పే. తరువాతి కూర్పు దాదాపు రెండింతలు పెరిగినది. పొట్టి గ్రంథములో వాదన సూటిగా సాగును. పెద్ద దానిలో ఉల్లేఖనముల అడవిలో దారి తప్పవచ్చును. ఈ రెండును ఒక్కని చేతి పనియా యని పండితులు వాదించుచునే యున్నారు.

ఇక సమ్మతి సంగతికి వత్తము.

ఆదికాండము 24వ అధ్యాయములో అబ్రాహాము దాసుడు రిబ్కాను తీసికొనిపోవ వచ్చినప్పుడు, ఆమె సహోదరుడును తల్లియు ఆ చిన్నదానిని పిలిచి, ఈ మనుష్యునితో కూడ వెళ్లెదవా యని అడిగిరి. మన బోధకులు పెండ్లి ప్రసంగములలో ఈ వచనమును చూపి, చూడుడి, కన్యక సమ్మతి యడుగబడినదని చెప్పుదురు. అయితే మిలాను బిషప్పైన అంబ్రోసు దీనిని మరొక విధముగా చదివెను. రిబ్కాను వివాహమును గూర్చి అడుగలేదు. ఆ నిర్ణయము తలిదండ్రులదే. ప్రయాణమెప్పుడని మాత్రమే అడిగిరి. వరుని తానే ఏరుకొనుట కన్యక సిగ్గునకు తగదు. ఇది ఆయన భావము. నాలుగవ శతాబ్దపు మాటయైనను, మన ఊళ్లలో ఏ పెద్దమనుష్యుడైన నిన్న చెప్పినదేమో యనునట్లున్నది! గ్రేషియన్ ఈ వాక్యమును దాచలేదు. తన గ్రంథములో చేర్చెను.

దానికెదురుగా ఆయన పోపు రెండవ అర్బను లేఖలను నిలిపెను. అర్బను 1088 మొదలు 1099 వరకు పోపుగా నుండెను. కాపువా ప్రభువైన జోర్డాన్ తన ప్రజల తిరుగుబాటు వలన ఇరుకున పడి, గయేటా ప్రభువునకు తన పసి కుమార్తెను ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ బిడ్డ ఏడ్చుచు నిరాకరించుచుండెను. తల్లికిని బంధువులకును ఇష్టము లేదు. అట్టి ఒప్పందము ఆమెను బంధింపదని అర్బను తీర్పు చెప్పెను. అరగాను రాజైన సాంచో కూడ తన బంధువుల కన్యకను ఆపదలో నొక యోధునికి వాగ్దానము చేసెను. ఆమె ససేమిరా యనెను. ఆమెను బలవంతము చేయగూడదని పోపు వ్రాసెను. రాజుల మాట, యుద్ధముల అవసరము, తండ్రి గౌరవము, ఇవన్నియు ఒక ప్రక్క. ఏడ్చుచున్న ఒక పిల్ల ఒక ప్రక్క. గ్రేషియన్ ఈ లేఖలనుండి తీసిన ముగింపు స్పష్టమైనది: స్వేచ్ఛగా ఇష్టపడితేనే గాని ఏ స్త్రీయు ఎవనికిని జతపరచబడరాదు. తండ్రి సమ్మతి యుక్తమైనదే, కోరదగినదే; అయితే కుమార్తె ఇచ్ఛకు అది బదులు కానేరదు.

యాకోబు లేయాల సంగతిని కూడ ఆయన విడువలేదు. రాహేలనుకొని లేయాను చేపట్టిన యాకోబు మోసపోయెను గదా. మరి లేయా అతని భార్య యెట్లయ్యెను? మొదటి సమ్మతి వలన కాదు, తరువాత అతడు ఇచ్చిన సమ్మతి వలననే యని గ్రేషియన్ సమాధానము. లేయా సమ్మతిని ఎవరడిగిరన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. మనకు తట్టవలసియున్నది.

ఆయనను స్త్రీల పక్షవాదిగా చిత్రించుట సత్యము కాదు. అదే గ్రంథములో స్త్రీ పురుషుని యేలుబడి క్రింద నుండవలెననియు, ఆమె బోధింపరాదనియు, సాక్ష్యము చెప్పరాదనియు, తీర్పు తీర్చరాదనియు చెప్పు వాక్యములను చేర్చి అంగీకరించెను. సాక్షిగా పనికిరాని స్త్రీ యొక్క ఒక్క మాట లేనిదే వివాహము నిలువదట! ఈ రెంటిని ఆయన ఒకే మనస్సులో ఎట్లు మోసెనో. కాని ఆ ఒక్క మాటకు చోటు దొరకినందున తలుపు కొంచెము తెరువబడెను. దాసుల విషయములో కూడ ఇట్లే జరిగినది. పరలోకమందు మనకందరికి తండ్రి యొక్కడే గనుక దాసుని వివాహమును వివాహమేయని చెప్పు వాక్యమును గ్రేషియన్ చేర్చెను. యజమానుని అనుమతి కావలెనను వాక్యమును కూడ చేర్చెను. కొద్ది సంవత్సరములలో పోపు నాలుగవ హేడ్రియన్ ముందుకు సాగి, యజమానుడు ఒప్పుకొనకున్నను దాసుల వివాహము చెల్లునని తీర్పు చెప్పెను. మూడవ అలెగ్జాండర్ పోపు, 1159 మొదలు 1181 వరకు, వివాహ వ్యాజ్యెములలో మరియొక కొలత స్థాపించెను: భయమును బలాత్కారమును ఉన్నచోట సమ్మతికి తావు లేదు, స్థిరచిత్తుడైన మనుష్యుని సహితము చలింపజేయునంతటి భయముచేత జరిగిన వివాహము వివాహము కాదు.

ఎంతటి భయము? ఇక్కడ న్యాయశాస్త్రులు తలలు బద్దలుకొట్టుకొనిరి. కత్తి చూపుట భయమే. కొట్టుట భయమే. మరి తండ్రి ముఖము చిన్నబోవునను భయమో? తల్లి కన్నీరు? వారు దానికి "గౌరవభయము" అని పేరు పెట్టి, దెబ్బలో బెదిరింపులో తోడు కానిదే అది మాత్రమే వివాహమును రద్దు చేయదని సామాన్యముగా తలంచిరి. న్యాయస్థానములో అంతకంటె సున్నితమైన తూనిక సాధ్యము కాదేమో. మన దేవాలయములలో పెండ్లినాడు బోధకుడు వరుని, వధువును వేర్వేరుగా అడుగును. అప్పటికి పందిరి వేయబడినది, బంధువులు దిగియున్నారు, వంటలు అయినవి, కట్నము చేతులు మారినది. తల వంచుకొని ఆ పిల్ల గొణిగిన మాటలో బంగారమెంత, ఇత్తడి యెంత? ఆ ప్రశ్నను ఆరాధన క్రమములో చేర్చినవారు ఊరక చేర్చలేదు. కాపువా కోటలో ఏడ్చిన పిల్లవంటి వారి వలన అది మన పుస్తకములలోనికి వచ్చినది. దానిని అడుగవలసిన చోటు పందిరి క్రింద కాదు, నిశ్చయతాంబూలములకు ముందు, ఇంటిలో, పెద్దలు లేని వేళ యని నేననుకొందును.

ఇంతవరకు గ్రేషియన్‌ను ప్రేమించుట సులభము. ఇక కష్టమైన భాగము.

ఇరువది మూడవ వ్యాజ్యెములో ఆయన కల్పించిన సమస్య ఇది. కొందరు బిషప్పులు తమ ప్రజలతో కూడ దుర్బోధలో పడి, చుట్టుప్రక్కల విశ్వాసులను బెదిరింపులతోను హింసలతోను తమ త్రోవకు త్రిప్పజొచ్చిరి. ఇది విని పోపు, వారిని ఏ విధముగానైనను సత్యమునకు మరల్చుడని ప్రక్క బిషప్పుల కాజ్ఞాపించెను. వారు సైనికులను కూర్చిరి. బాహాటముగాను మాటువేసియు పోరాడిరి. కొందరు చచ్చిరి, కొందరి ఆస్తి పోయెను, కొందరు చెరసాల పాలైరి. తుదకు మిగిలినవారు విధిలేక సంఘైక్యతకు తిరిగివచ్చిరి. దీనినుండి ఎనిమిది ప్రశ్నలు పుట్టినవి. యుద్ధము చేయుట పాపమా? చెడ్డవారిని మేలునకు బలవంతము చేయవచ్చునా? దుర్బోధకుల ఆస్తి తీసికొనవచ్చునా?

కుడిచెంప మీద కొట్టినవానికి ఎడమచెంప కూడ త్రిప్పుమన్న ప్రభువు ఆజ్ఞ ఈ యుద్ధమునకు అడ్డుగోడవలె నిలుచుచున్నది. గ్రేషియన్ దానిని అగస్టీను సహాయముతో దాటెను: సహనమును గూర్చిన ఆజ్ఞలు దేహము బయటికి చేయు క్రియకంటె హృదయము లోపల నుండవలసిన సిద్ధపాటును గూర్చినవి. లోపల ప్రేమ యుండినయెడల బయట కత్తి పట్టవచ్చును! గురువులు స్వయముగా ఆయుధములు పట్టరాదు గాని పట్టుమని ఇతరులను ప్రోత్సహింపవచ్చును. మేలునకు బలవంతము చేయుటయు తప్పు కాదు. రిబ్కా విషయమందు సందిగ్ధమును విప్పిన ఆ నేర్పే ఇక్కడ కొండమీది ప్రసంగపు అంచును మొద్దుబార్చినది.

ఎదుటి ప్రక్క వాక్యములు ఆయనకు తెలియవా? తెలియును. మొదటి భాగములోనే, 45వ విభాగములో, గ్రెగరీ పోపు లేఖను ఆయన చేర్చెను. క్రైస్తవ మతమునకు వెలుపలనున్నవారిని కాఠిన్యముతో గాక మృదువైన మాటలతో ఆకర్షింపవలెనని, నేపుల్సులోని యూదుల పండుగలను అడ్డగింపరాదని ఆ లేఖ తాత్పర్యము. దాని వెనుకనే 633లో స్పెయినులోని టొలెడోలో కూడిన నాలుగవ సభ తీర్మానము కలదు. దాని మొదటి సగము, యూదులను విశ్వాసమునకు బలవంతము చేయగూడదని చెప్పుచున్నది. ఇష్టపూర్వకముగా వచ్చినవారే రక్షింపబడుదురట. రెండవ సగమో: సిసెబూటు రాజు కాలమున ఇదివరకే బలవంతముగా బాప్తిస్మము పొందినవారు ఆ విశ్వాసములో నిలుచునట్లు బలవంతపెట్టబడవలెను. చదువరీ, ఒకే తీర్మానములో ఒక చేయి తలుపు తెరచినది, రెండవ చేయి గడియ వేసినది.

1201లో మూడవ ఇన్నొసెంటు పోపు ఈ గడియను ఇంకను బిగించెను. నష్టము తప్పించుకొనుటకై, భయముచేత, బాప్తిస్మమునకు లోబడినవాడు షరతుతోనైనను ఇష్టపడినవాడే గనుక విశ్వాసమును నిలుపుకొనవలసినదే. మొదటినుండి తుదివరకు ఎదిరించుచు, ఏనాడును ఒప్పుకొననివాడు మాత్రమే విడుదల పొందును. పెండ్లి విషయములో అలెగ్జాండరు చెప్పినదానిని దీని ప్రక్క పెట్టి చూడుడు. భయము వివాహమును రద్దు చేయును. భయము బాప్తిస్మమును రద్దు చేయదు. కన్యకకు స్థిరచిత్తుని కొలత. యూదునికి హతసాక్షి కొలత.

వారి పక్షమున చెప్పదగినది లేకపోలేదు, న్యాయముగా చెప్పవలెను. వివాహమును చేయువారు ఆ ఇద్దరే; వారి సమ్మతియే దాని ప్రాణము. బాప్తిస్మమో దేవుని క్రియ. మనుష్యుని అస్థిరతను బట్టి దేవుని క్రియ చెరగిపోదని వారి వాదము. అగస్టీను కూడ మొదట ఎవనిని బలవంతము చేయరాదనే తలంచెను. డోనాటిస్టు చీలికలో మునిగిన తన సొంత పట్టణము చక్రవర్తి చట్టముల భయమువలన ఐక్యతకు వచ్చుట చూచి, వారిలో అనేకులు తరువాత కృతజ్ఞతలు చెప్పుట విని, ఆయన మనస్సు మార్చుకొనెను. వెఱ్ఱి పట్టిన రోగిని వైద్యుడు కట్టివేయడా? అగ్నిలో పడబోవు బిడ్డను తండ్రి చెయ్యిపట్టి లాగడా? ఆయన దుష్టుడై ఇట్లనలేదు, కాపరియై యనెను. అదే భయంకరము.

అయితే ఈ వాదములో రెండు చోట్ల నేల కుంగుచున్నది. బాప్తిస్మము దేవుని క్రియ యైనంత మాత్రమున దానిని నిలుపుటకు సైనికుని క్రియ అవసరమని తేలదు. ఇక కృతజ్ఞతలు చెప్పినవారి మాటనే అగస్టీను వినెను. కృతజ్ఞత లేనివారు బిషప్పు నొద్దకు వచ్చి ఏమని చెప్పగలరు? చట్టము వారి నోటిని ముందే మూసినది. బలవంతము చేసినవాడు తాను పుట్టించిన మౌనమును సమ్మతిగా లెక్కించుట, ఇత్తడిని తూచి బంగారమని వ్రాసికొనుటయే. బంగారము ఇత్తడి మాట వ్రాసినప్పుడు గ్రేషియన్ మోసపోయిన కన్యక స్థానములో తాను నిలిచి, నాకు ఇట్లు జరిగినయెడల నని తలపోసెను. ఇరువది మూడవ వ్యాజ్యెములోనో ఆయన ఒక్కసారియు చెరసాలలోని దుర్బోధకుని స్థానములో నిలువలేదు. సైన్యమును కూర్చిన బిషప్పుల ప్రక్కన నిలిచియే ఎనిమిది ప్రశ్నలును అడిగెను. ఇద్దరికి వేరు వేరు తీర్పులు వచ్చుట ఆశ్చర్యమా?

1520 డిసెంబరు 10న విట్టెన్‌బర్గు నగరపు ఎల్స్టర్ ద్వారము వెలుపల లూథరు తన్ను బెదిరించిన పోపు శాసనమును, దానితో కూడ ఈ ధర్మశాస్త్ర గ్రంథములను అగ్నిపాలు చేసెను. మనము ఈ దృశ్యమును గర్వముతో తలంచుకొందుము. ఆ ముందటి సంవత్సరము లైప్సిగు వాదములో ఆయన, పదునైదవ శతాబ్దపు కానన్ పండితుడైన పనోర్మితానుసు మాటనే ఆసరాగా తీసికొనెననుట అంతగా జ్ఞాపకముంచుకొనము. లేఖనాధారము గల ఒక సామాన్య విశ్వాసి అభిప్రాయము పోపు అభిప్రాయముకంటె ఎక్కువైనదని ఆ పండితుడు వ్రాసియుండెను.

మంట ఆరిన తరువాత ఏమాయెను? 1523లో, దుర్బోధ ఆత్మీయమైనది, ఇనుముతో దానిని నరుకలేము అను భావమును లూథరు ప్రకటించెను. 1536లో అనబాప్టిస్టులకు మరణశిక్షను సమర్థించు పత్రముపై సంతకము చేసెను. 1527 జనవరిలో సంస్కరింపబడిన జ్యూరిక్కు నగరము ఫెలిక్స్ మాంజును లిమ్మత్ నదిలో ముంచి చంపెను. తమ సొంత ఒప్పుకోలు మీద బాప్తిస్మము పొందగోరినవారికి దానిని ఇచ్చుట అతని నేరము. 1553లో జెనీవాలో సెర్వీటసును కాల్చిరి. కాలిన పుస్తకములోని ఇరువది మూడవ వ్యాజ్యెము మన పితరుల చేతులలో చెక్కుచెదరక యుండెను. వివాహ విషయములో మాత్రము లూథరు గ్రేషియన్‌తో మరొక తీరున పోరాడెను. సాక్షులు లేక చాటున పలికిన సమ్మతియు బంధించునని పాత ధర్మశాస్త్రము చెప్పుటవలన, మాట యిచ్చి తప్పించుకొను పురుషులచేత ఎందరో కన్యకలు చెడిపోయిరి. కాబట్టి తలిదండ్రుల ఎరుక లేని నిశ్చయములు చెల్లవని ఆయన పట్టుబట్టెను. 1544లో ఈ సంగతిపై విట్టెన్‌బర్గు న్యాయవాదులను ప్రసంగవేదిక మీదనుండి గద్దించెను. అయినను 1524లోనే, తలిదండ్రులు బిడ్డలను వివాహమునకు బలవంతము చేయరాదు, అడ్డగింపనురాదు అని వ్రాసియుండెను. ఆ సగము గ్రేషియన్‌దే.

మన దేశములో క్రైస్తవుడు తన విశ్వాసమును గూర్చి ఎదుర్కొను మొదటి ప్రశ్న తరచుగా ఇదే: నీవు నిజముగా ఇష్టపడియే వచ్చితివా, ఎవరైన ఆశపెట్టిరా, భయపెట్టిరా? ఆ ప్రశ్న మనలను నొప్పించును. అయితే అది న్యాయమైన ప్రశ్నయే. దానిని మన పితరులు యూదుని, అనబాప్టిస్టును అడిగియుండవలసినది. మన ఇండ్లలో దృఢీకరణమునకు సిద్ధపరచబడు పదునాలుగేండ్ల బిడ్డనైనను మనము నిజముగా అడుగుచున్నామా? "కాదు" అను జవాబును వినుటకు సిద్ధపడియే అడుగుచున్నామా?

గ్రేషియన్ గ్రంథము బొలోన్యాలోను, పారిస్‌లోను, ఆక్స్‌ఫర్డ్‌లోను తరతరముల విద్యార్థులకు పాఠ్యగ్రంథమాయెను. డాంటే కవి ఆయనను పరలోకములో, జ్ఞానుల వలయమందు, చిరునవ్వుతో నిలిపెను. రోమా సంఘములో ఆ గ్రంథము 1918 వరకు ధర్మశాస్త్ర సంహితలో భాగముగా చలామణి యాయెను. దానికి బదులుగా వచ్చిన క్రొత్త సంహిత, 1917లో ప్రకటింపబడినది, ఇష్టములేని ఎవనిని విశ్వాసమునకు బలవంతము చేయరాదను నియమమును ఒక్క వాక్యములో చేర్చెను. టొలెడో తీర్మానపు మొదటి సగము అది. ఒకసారి చేరినవాని మనస్సాక్షి సంగతి, మత విషయములో ఏ మనుష్యుడును తన మనస్సాక్షికి విరోధముగా నడచునట్లు బలవంతపెట్టబడరాదను మాట, ఆ సంఘపు మహాసభ ప్రకటనలోనికి 1965 డిసెంబరు 7న వచ్చినది. బొలోన్యా ఉపాధ్యాయుడు బంగారమును ఇత్తడిని గూర్చి వ్రాసి అప్పటికి సుమారు 825 సంవత్సరములాయెను.